రోజుకు వేలెడు వంగిన గోడ

...అందుకేనక్కా ఇంత లేటయింది, ఏమనుకోబాకు. ఆదివారం చెప్తానని మాటిచ్చి ఇప్పటికి నాలుగు రోజులు. ఈ వాయిస్ మెసేజి ఒకసారి మొదలుపెడితే కరెంటు పాయె. ఇంకోసారి సగం చెప్పినాక వేలు తగిలి మొత్తం డిలీట్ అయిపాయె. ఇప్పుడు క్వారీలో లంచ్ టైము. బండ నీడన కూర్చున్నా. గాలి చప్పుడు ఎక్కువొస్తే కాస్త సర్దుకోండి. మన మనవరాలు మోక్షిత పక్కనే ఉందిగా?

అమ్మా మోక్షీ, "తాతయ్యా, నువ్వుండే దేశంలో కోటలున్నాయా?" అని అడిగావు గదా. ఉంది. చాలా పాతది. సున్నం లేదు, సిమెంటు లేదు, బంకమట్టి కూడా లేదు. రాయి మీద రాయి, రాయి మీద రాయి, అంతే. చీమకుర్తిలో పుట్టి రాళ్ళ మధ్యన పెరిగినోణ్ణి, నేనే నోరు తెరుచుకోని చూశా. ఆ గోడ ఒకచోట లోపలికి వొంగి ఉంటది, పొట్టలో ఎవరో వేలు పెట్టి నొక్కినట్టు. ఎందుకు వొంగిందో మా క్యాంటీన్లో వొండిపెట్టే ముసలామె చెప్పింది. ఆమెని అందరం అంబుయా అంటాం. అంబుయా అంటే అవ్వ. తవ్వి చూసిన పెద్దోళ్ళు పుస్తకాల్లో ఇంకోటి రాశారేమో, నాకు తెలవదు. నేను అంబుయా చెప్పిందే చెప్తా.

ఒక్క మాట. ఈడ కథ చెప్పేటప్పుడు వినేవాళ్ళు మనలాగే ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ అలిగి అడివిలోకి పోద్దంట. తీసుకురావడం శానా కష్టమంట. కాబట్టి ఇద్దరూ ఊఁ కొట్టండి, నాకు ఈడికి వినపడకపోయినా.

కొండలు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకునే కాలం. ఊఁ?

ఆ కాలంలో రాళ్ళ ఊళ్ళో ముచానేత అని ఒక ఆడమనిషి ఉండేది. నీళ్ళు మోసేది. తాగడానికే కాదమ్మా, బండలక్కూడా. మన వడ్డెరోళ్ళు మంట పెట్టి బండ లేపుతారు చూడు, అట్టాగే. కొండ మీద కట్టెలు పేర్చి మంట పెడతారు. రాయి కాగి కాగి టింగ్ మంటది. అప్పుడు చల్లటి నీళ్ళు కుమ్మరిస్తే ఉల్లిపాయ పొరలాగా పలక లేస్తది. మంట పెట్టినోడికి పేరుంది. పలక లేపినోడికి పేరుంది. గోడ పేర్చినోడికి పేరుంది. నీళ్ళు మోసినామెకి ఏం పేరు? "ఏయ్ నీళ్ళూ!" అని పిలిచేవాళ్ళు. ఆమె పలికేది.

ఆమెకి మొగుడు లేడు, బిడ్డల్లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు. పేరు చెంజీర. అంటే దారిలో పుట్టినోడని అర్థమంట. వాళ్ళమ్మ నడిచిపోతా పోతా దారిలోనే వాణ్ణి కని, దారిలోనే కన్నుమూసింది. ముచానేతకి అప్పుడు ఎనిమిదేళ్ళు. తమ్ముణ్ణి వీపుకి కట్టుకోని మిగిలిన దారంతా ఆమే నడిచింది. ఆ కట్టుడు గుడ్డ మళ్ళీ ఏడేళ్ళకి గానీ ఇప్పలేదంటది అంబుయా.

వాడు పెద్దోడయినాడు. మనిషంటే తాటిచెట్టే. రాజుగారి మనుషులొచ్చి, "నీ భుజం బాగుంది, సముద్రం దగ్గిరికి బంగారం మొయ్యి" అన్నారు. సముద్రమంటే మూడు నెలల నడక. బంగారప్పొడి పక్షి ఈకల గొట్టాల్లో పోసి, మైనం పెట్టి మూసి, వరసగా నడుచుకుంటా పోవాల. తిరిగొచ్చేటప్పుడు పూసలు, గుడ్డలు. నీలం పూసలు, పసుపు పూసలు. అయ్యి సముద్రం అవతలనించి పడవల్లో వొచ్చేయంట. అవతలంటే ఏందనుకున్నారు, మన వైపే!

పోయేవాళ్ళకి ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పోయొస్తానని నోటితో చెప్పకూడదు. వాగులోనించి ఒక గులకరాయి తెచ్చి గడప ముందర పెట్టాలి. తిరిగొచ్చినాక తనే తియ్యాలి. ఎవరు పెడితే వాళ్ళే తియ్యాలి. ఇంకెవరన్నా తీశారో, పోయిన మనిషికి ఇంటిదారి చెరిగిపోద్ది.

చెంజీర నిమ్మకాయంత రాయి తెచ్చి పెట్టాడు.

"ఇంత చిన్నదేందిరా? కోడి తన్నినా పోద్ది" అనింది ముచానేత.

"తొందరగా వొచ్చేవాడికి చిన్న రాయి చాలక్కా. ముసలాళ్ళు పెడతారు పెద్ద పెద్ద బండలు."

"ఎన్నాళ్ళు?"

"మూడు వానాకాలాలు. నువ్వు మటుకు ఈలోపు ఎవరితోనూ పోట్లాడబాక. విడదీయడానికి నేనుండను."

నవ్వుతా పోయినాడు. ఆమె ఆ రోజంతా ఇల్లు చిమ్మలేదు. మర్నాడు చిమ్మింది. రాయి చుట్టూ చిమ్మింది. రాయిని ముట్టలేదు.

మొదటి వాన పడింది. పోయినోళ్ళలో కొంతమంది వొచ్చారు. చెంజీర రాలేదు. "జొరమొచ్చి ఉప్పునీళ్ళ ఊళ్ళో ఆగిపోయినాడు. ఎనకాల వొస్తన్నాడు" అన్నారు. ఆమె రాయి చుట్టూ చిమ్మింది. రాయిని ముట్టలేదు.

రెండో వాన పడింది. ఒకాయన ఆమె చేతిలో నీలం పూస పెట్టాడు, ఒకే ఒక్కటి. "మీ తమ్ముడు పంపాడు. ఎనకాల వొస్తన్నాడు" అన్నాడు. ఆమె పూసని దారానికి గుచ్చి మెడలో కట్టుకుంది. రాయి చుట్టూ చిమ్మింది. రాయిని ముట్టలేదు.

మూడో వాన పడింది. ఏమీ రాలేదు.

రాజుగారు గోడ కట్టిస్తానన్నది ఆ ఏడే.

ఊరి చుట్టూ గోడ. మనిషి మీద మనిషి, ఆ మనిషి మీద ఇంకో మనిషి నిలబడ్డంత ఎత్తు. రాజుగారు తూరుపు వైపుకి బల్లెం విసిరి, "బల్లెం పోయినంత సూటిగా కట్టండి" అన్నాడు. ఆ బల్లెం యాడ పడింది? ముచానేత వాకిట్లో, రాయికి జానెడు దూరంలో.

ఆమె ముందు మేస్త్రీ దగ్గిరికి పోయింది. మేస్త్రీ పేరు గోమో. ముసలాయన, కళ్ళల్లో పొరలొచ్చినయ్. ఆయన చుట్టూ పనోళ్ళు కూర్చుని తింటా ఉన్నారు.

"అయ్యా, గోడ కాస్త పక్కకి జరగదా? మా తమ్ముడి రాయుంది."

పనోళ్ళంతా నవ్వారు. "ఏయ్ నీళ్ళూ, గోడ వొచ్చి రాయికి దణ్ణం పెట్టాలంటావా?"

గోమో నవ్వలేదు. "బల్లెం రాజుగారిదమ్మా, నాది కాదు" అన్నాడు.

ఆమె కులపెద్దల దగ్గిరికి పోయింది. వాళ్ళు గెడ్డాలు నిమురుకోని, "గోడలోపల నీకు కొత్త గుడిసె ఏపిస్తాం, దీనికి మూడింతలు పెద్దది. ఆ రాయి తీసుకోని ఆడ పెట్టుకో" అన్నారు.

ఆమె రాజుగారి దగ్గిరికి పోయింది. ఆయన కూడా అదే మాటన్నాడు. "రాయి తీసుకోని లోపలికి రా."

ముచానేత తలొంచుకోని అనింది, "రాయి వొస్తది సామీ. దారి వొస్తదా?"

రాజు చెయ్యూపి పంపించేశాడు. ఏం లాభం? రాజు రాజే, గోడ గోడే.

ఊఁ కొట్టావా మోక్షీ? ఇంక ఈడే ఉంది కిటుకంతా.

మనం గోడ కట్టాలంటే దారం కడతాం, మట్టం చూస్తాం. వాళ్ళకి దారం లేదు. పొద్దుగూకే ముందర ఆ రోజు పని యాడికయిందో చూసుకోని, దానికి నాలుగడుగుల ముందర పనోళ్ళు తాగే నీళ్ళకుండ పెట్టేవాళ్ళు. మర్నాడు ఆ కుండకేసి చూసుకుంటా పేర్చుకుంటా పోవడమే. అదే వాళ్ళ దారం. మరి ఆ కుండలో పొద్దున్నే నీళ్ళు నింపేదెవరు? వాగుకి తీసకపోయి, నింపుకోని, మళ్ళీ దాని చోట్లో దాన్ని పెట్టేదెవరు?

ఆమే. "ఏయ్ నీళ్ళూ" అని పిలిపించుకునే ముచానేత.

మొదటి రోజు ఆమె కుండ నింపి తెచ్చింది. దాని గుంటలో దాన్ని పెట్టబోయింది. మెడలో పూస పట్టుకుంది. కుండని ఒక్క వేలెడు పక్కకి పెట్టింది.

ఒక్క వేలెడే. ఎవరికి తెలుస్తది?

రెండో రోజు ఇంకో వేలెడు. మూడో రోజు ఇంకో వేలెడు. పనోళ్ళు కుండకేసి చూశారు, పేర్చారు. కుండ చెప్పింది, గోడ వినింది.

ఒక పనోడు ఎగతాళికి, "ఏమే నీళ్ళూ, కుండ పెట్టడానికి ఇంతసేపా? కోడి గుడ్డు పెట్టినట్టు కూర్చున్నావే!" అనేవాడు. "నీ నోరు పెట్టడానికి కుండలో చోటు చూస్తన్నా నాయినా" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో వేలెడు జరిగిపోయేది.

ఒక్కోరోజు గోమో వొచ్చి గోడ మీద చెయ్యేసి నడిచేవాడు. కళ్ళు కనపడవు గదా, చేత్తో చూసేవాడు. కుండ దగ్గిర ఆగేవాడు. ఆయన దోసెడు నీళ్ళు తాగి, "చల్లగున్నయ్యమ్మా" అని పోయేవాడు.

ఒక వాన అయింది. రెండో వాన అయింది. మూడో వానకి గోడ ముచానేత వాకిటికొచ్చింది. వొచ్చి, ఆమె గుడిసె ఎనకమాలగా తిరిగి, అట్టా చుట్టుకోని, అవతలికి పోయింది. రాయి కదల్లేదు. రాయి, గడప, గుడిసె మూడూ బయట మిగిలినయ్, దారిమొగాన. ఊరు లోపలికి పోయింది.

ఆ ఏడు కొత్త పంట పండగనాడు రాజుగారు కొండెక్కి కిందికి చూశాడు. బల్లెంలాగా పోవాల్సిన గోడ పొట్టలో వేలు పెట్టినట్టు లోపలికి వొంగి ఉంది.

"గోమోని పిలవండి!"

గోడ దగ్గిర ఊరంతా చేరారు. గోమో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తప్పు నాదే సామీ. కళ్ళు పోయినయ్" అన్నాడు.

ఆ ఊళ్ళో తప్పు చేసిన మేస్త్రీకి బతుకుండదు. అది అందరికీ తెలుసు.

ముచానేత బయటనించి వొచ్చింది. చేతిలో చీపురుంది, పారెయ్యడం కూడా మర్చిపోయింది. "ఆయన తప్పు కాదు. నేను. రోజుకు వేలెడు" అనింది.

రాజుగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయినాక ఎంత కోపమొచ్చిందో అంత ఆశ్చర్యమొచ్చింది. "పిచ్చిదానా, లోపల చోటు కోసం జనం కొట్టుకు చస్తా ఉంటే, నీ చేత్తో నువ్వే బయటపడ్డావే! సింహాలు తిరుగుతయ్ ఆడ."

"వొచ్చేవాడు బయటినించే గదా సామీ వొచ్చేది."

రాజు గోమో వైపు తిరిగాడు. "నీకు తెలవకుండానే జరిగిందా ఇదంతా?"

గోమో తడుముకోని గోడ మీద చెయ్యేశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు, "కళ్ళు పోయినయ్ గానీ చేతులు పోలేదు సామీ. నాకు నెల్లోపలే తెలిసింది. నా గడప ముందర కూడా రెండు రాళ్ళున్నయ్."

రాజు మొహం నల్లబడింది. "ఆ రాయి తీసెయ్యండి. గోడ పీకి సూటిగా కట్టండి" అన్నాడు. ముగ్గురు సిపాయిలున్నారు.

మొదటోణ్ణి పొమ్మన్నాడు. వాడు రాయి దాకా పోయి, ఆగి, ఎనక్కొచ్చాడు. "మా అన్న ఆ బంగారం మోసే వరసలోనే పోయినాడు సామీ."

రెండోవాణ్ణి పొమ్మన్నాడు. వాడు సగం దూరం పోయి ఎనక్కొచ్చాడు. "మా నాయిన."

మూడోవాణ్ణి పొమ్మన్నాడు. వాడు అడుగే వెయ్యలేదు. ఎవరు పోయారో కూడా చెప్పలేదు. బల్లెం కింద పెట్టాడు.

అప్పుడు రాజుగారే పోయినాడు. రాజుకి అడ్డమెవరు? రాయి దగ్గిర నిలబడ్డాడు. ముచానేత కళ్ళు మూసుకుంది. ఆయన కిందికి వొంగాడు.

ఆయన మెడనిండా పూసలు. నీలం, పసుపు, ఎరుపు, ఇరవై ముప్పై వరసలు. వొంగేసరికి వరసలన్నీ ముందుకి వేలాడి, పోయి ఆ రాయికి తగిలినయ్. టిక్. టిక్. టిక్. ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి వరసా ఎవడో ఒకడు మూడు నెలలు నడిచి మోసుకొచ్చింది. అందరూ వింటా ఉన్నారు. రాజుగారు కూడా విన్నాడు.

చెయ్యి రాయి మీదికి పోయింది. ఆడనే ఆగింది. తర్వాత చెయ్యి ఎనక్కి తీసుకోని, మెల్లిగా నడుమెత్తాడు.

"గోడ ఉండనియ్యండి" అన్నాడు. అంతే. లోపలికి పోయినాడు. గోమోని ఏమీ అనలేదు. ఆమెనీ ఏమీ అనలేదు.

ముచానేత బయటే బతికింది. పోయే వరసలు, వొచ్చే వరసలు అన్నీ ఆమె గుడిసె ముందునించే. అందరికీ నీళ్ళిచ్చేది. ముందు నీళ్ళు తాగనిచ్చి, తర్వాత అడిగేది. "చెంజీర యాడన్నా కనపడ్డాడా నాయినా?"

వాళ్ళు మూతి తుడుచుకోని అనేవాళ్ళు, "ఎనకాల వొస్తన్నాడమ్మా."

కొంతమందికి చెంజీర ఎవరో కూడా తెలవదు. అయినా అనేవాళ్ళు. ఆమెకి కూడా తెలుసంట అక్కా, వాళ్ళకి తెలవదని. అయినా అడిగేది. అంబుయా ఈ ముక్క చెప్పేటప్పుడు గరిటె పక్కన పెట్టింది.

జుట్టు తెల్లబడింది. నడుం వొంగింది, ఆ గోడ లాగానే. ఒక వానాకాలంలో సముద్రానికి పోయే వరస నీళ్ళ కోసం ఆగితే ఎవరూ పలకలేదు. లోపలికి చూస్తే ముచానేత కన్నుమూసి ఉంది, చీపురు పక్కనే పెట్టుకోని. వాకిలి అప్పటికే చిమ్మి ఉంది. రాయి చుట్టూ చిమ్మి ఉంది.

ఆ వరసలోనే ఒక కుర్రాడు మొదటిసారి పోతా ఉన్నాడు. వాడు ఒక గులకరాయి తెచ్చి చెంజీర రాయి పక్కన పెట్టాడు. ఎనకాలోడు ఇంకోటి పెట్టాడు. అట్టా పోయేవాళ్ళంతా ఆడ రాయి పెట్టడం మొదలయింది.

తర్వాత ఏమయిందో ఏమో, ఆ ఊరు ఊరే ఖాళీ అయింది. బావులెండినయ్యంటారు, అడివిలో కట్టెలు అయిపోయినయ్యంటారు, ఎవరికి తెలుసు. మట్టి ఇళ్ళు మట్టిలో కలిసినయ్. రాజుగారి ఇల్లు కలిసింది, ముచానేత గుడిసె కలిసింది. గోడ మటుకు ఉంది. ఊరే ప్రయాణం పోయి గోడని గడప రాయిలాగా ఈడ పెట్టి పోయినట్టుంటది, చూస్తే.

నేను అంబుయాని అడిగా. "ఇంతకీ చెంజీర వొచ్చాడా లేదా? ఎప్పటికన్నా, ముసలోడయినాకన్నా?"

ఆమె నన్ను తెలివితక్కువోణ్ణి చూసినట్టు చూసింది. "రాయి ఇంకా ఆడే ఉంది గదా కొండయ్యా" అనింది.

ఇప్పటికీ ఈ చుట్టుపక్కల ఎవరన్నా దూరం పోతే గడప ముందర రాయి పెట్టి పోతారంటది అంబుయా. మిగిలినోళ్ళు దాని చుట్టూ చిమ్ముతారు. గోడ కట్టే తాపీ మేస్త్రీ ఎవడన్నా కాస్త వొంకర పేరిస్తే, "పోనీలే, ముచానేత వేలు పడింది" అంటారు, తిట్టరు. రానివాడి కోసం ఎవరన్నా అడిగితే, తెలిసినా తెలవకపోయినా "ఎనకాల వొస్తన్నాడు" అంటారు. అది అబద్ధం కింద లెక్క కాదంట. నీళ్ళిచ్చినందుకు నీళ్ళివ్వడమంట.

మొన్న అంబుయా ఇంటికి పోయా. గడప ముందర మూడు రాళ్ళున్నయ్. ఒకటి నున్నగా అరిగిపోయింది, చీపురు తగిలీ తగిలీ. ఎవరివని నేనడగలేదు. పక్కనించి కాళ్ళు తీసి తీసి ఏసుకుంటా లోపలికి పోయినా.

అక్కా, నీకొకటి చెప్పాలి. అసలు ఈ కథ మోక్షిత కోసమే అనుకున్నా గానీ... నేను బయల్దేరిన రోజు జ్ఞాపకముందా? ఆటో మలుపు తిరిగేటప్పుడు ఎనక్కి చూశా. నువ్వు మన పనామె చేతిలోనించి చీపురు లాక్కుంటా ఉన్నావు. మనిషి ఊరికి పోంగానే ఇల్లు చిమ్మకూడదని ఆమెతో పోట్లాట. నేను ఆటోలో కూర్చోని నవ్వుకున్నా, మా అక్కకి ఈ చాదస్తం ఎప్పటికీ పోదని. ఆరేళ్ళయింది గదా. ఇప్పుడు అడుగుతున్నా, నిజం చెప్పు. ఆ మూలన, చెప్పుల గూటి పక్కన, నేనొదిలేసిన పాత తోలు చెప్పులు, నువ్వు వాటిని ఇంకా కదపకుండా చుట్టూ...

ఆఁ? ఏందీ? లారీ వొచ్చిందా? వస్తున్నా, వస్తున్నా, ఆగు, తాడు ఇప్పబాకండి నేనొచ్చేదాకా, అక్కా ఉండు, పిలుస్తన్నార